డాబా మీది పసుపు కాగితం

జనగామ అక్క పోయింది. బుధవారం పొద్దున భూపాలపల్లిలో మా బడి పిల్లలకు రంగులు కలపడం చూపిస్తున్నప్పుడు ఫోన్ మోగింది. చేసింది అక్క దుకాణం పక్కన చాయ్ హోటల్ నడిపే అన్న. "బిడ్డా, అక్క లేదే. మొన్న సోమవారం మెట్ల మీద కూలబడ్డది. దవాఖానకు తీస్కపోయినం. ఊపిరి అందలే" అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో చెప్పాడు గానీ నా చెవికెక్కలేదు. చేతిలో కుంచె నుంచి నీలం రంగు నా చెప్పుల మీద కారుతోంది. పిల్లలు అది చూసి నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు.

ఆమె నాకు చుట్టం కాదు. నేను నర్సింహులపేట దగ్గరి తండా పిల్లను. ఆమె రఘునాథపల్లి వైపు భూములూ పెత్తనాలూ ఉన్న ఇంటి ఆడబిడ్డ. అన్నదమ్ములు వద్దన్నా వినకుండా జనగామ స్టేషన్ రోడ్డులో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని, జిరాక్స్ మిషనూ స్క్రీన్ ప్రింటింగ్ బల్లా పెట్టుకుంది. పెండ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, సంఘాల కరపత్రాలు అచ్చువేసేది. ఏ కార్డు కిందా తన పేరు వేసుకోలేదు. అందుకే నేను రాస్తున్నాను. కూర్చుని ఏడవొచ్చు, కానీ ఏడుపు ఆమెకు అస్సలు గిట్టదు. "ముక్కు తుడుచుకో, కాగితం తడుస్తది" అనేది.

నేను ఇంటర్ జనగామలో హాస్టల్లో ఉండి చదివాను. గళ్లు గీసుకుని ఏ ఫోటోనైనా అచ్చుగుద్దినట్టు దించేసేదాన్ని. దేవుళ్లను దించాను, నాయకులను దించాను, హాస్టల్ వార్డెన్ అత్తగారిని కూడా దించాను. అందరూ శభాష్ అన్నారు. ఆ గర్వంతోనే పది బొమ్మలు చంకన పెట్టుకుని పట్నంలో గ్రాఫిక్ డిజైన్ చెప్పే కాలేజీలో ఇంటర్వ్యూకు పోయాను. అక్కడి పెద్దాయన పదీ తిరగేసి, చాలా మర్యాదగానే అడిగాడు. "చెయ్యి బాగుందమ్మా. వీటిలో నీదేది?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. అన్నీ నావే కదా! సీటు రాలేదు. ఇంటికొస్తే బాపు ఒకే మాట అన్నాడు. "ఇంకొక్క ఏడాది చూస్త. అప్పుడు గూడ రాకుంటే మాతోని మిరపకోతకు రా." ఆయనను తప్పుపట్టలేను. మా ఇంట్లో అందరూ పోయేది అక్కడికే.

సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి అక్క దుకాణానికి పోయాను. చంకలో ఆ పది బొమ్మలున్నాయి. అడగకుండానే లాక్కుని చూసింది.

"ఎవరు గీసిండ్రు?"

"నేనే అక్కా."

"అబద్ధం. గివి ఫోటో తీసినోనివి. నువ్వు జిరాక్స్ మిషన్‌వి. నా దగ్గర ఒకటున్నది, ఇంకోటి ఏం జేసుకోను?"

నాకు తిక్క రేగింది. "అయితే మీరు చూపెట్టండి, సొంత బొమ్మ అంటే ఎట్లుంటదో" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "రేపటి సంది పగటీలి రా. జీతం ఉండదు, తిట్లుంటయి" అంది. అట్లా చేరాను.

మొదటి వారం పెన్సిల్ ముట్టుకోనివ్వలేదు. "నీ చేతికి దించుడు అలవాటైంది. జర దాన్ని పరేషాన్ చెయ్యాలె" అనేది. నేను తెచ్చుకున్న జొన్నరొట్టెను జిరాక్స్ మిషన్ అద్దం మీద పెట్టించింది. లైటు కదులుతుండగా రొట్టెను పక్కకు లాగమంది. కాగితం మీద అది సాగి, చిరిగి, మబ్బు పట్టిన ఆకాశంలా వచ్చింది. ఇంకోసారి ఆపి ఆపి లాగితే మెట్లుమెట్లుగా వచ్చింది. రేషన్ కార్డు జిరాక్స్ కోసం వచ్చిన పెద్దమనిషి, అద్దం మీద రొట్టెపొడి చూసి, "ఇది దుకాణమా, వంటిల్లా?" అని అరిచాడు. "రెండూ. తింటవా?" అంది అక్క.

భూపాలపల్లి గనుల వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన బొగ్గు ఆమె దగ్గర ఒక డబ్బాలో ఉండేది. పలచటి కాగితమూ ఆ బొగ్గుముక్కా చేతికిచ్చి రోడ్డు మీదికి తోలేది. స్టేషన్ బెంచీ మీదా, షట్టర్ మడతల మీదా, కరెంటు స్తంభం మీదా కాగితం ఆనించి రుద్దమనేది. ఏది ఎత్తుగా ఉంటే అది నల్లగా తేలుతుంది. నా పక్కన నిలబడి జనం, "గోడను గోకుతున్నవేందమ్మా?" అని నవ్వేవాళ్లు. సిగ్గుతో చచ్చేదాన్ని. పోనుపోను అలవాటైపోయింది.

అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులు. వారంలో సగం బందులే. రోడ్ల మీద వంటావార్పు, చౌరస్తాలో ధూంధాం. పోస్టర్ల కోసం వచ్చే ప్రతి సంఘమూ అదే బొమ్మ తెచ్చేది, తెలంగాణ పటమూ దాని మీద ఒక పిడికిలీ. ఒకరోజు అక్క ఆ బొమ్మను బల్ల మీద కొట్టి, "ఎవని పిడికిలి గిది? ఎన్నిసార్లు అచ్చేసినా ఈయన ఎవరో నాకు ఎర్కలే" అంది. నేను ఎగిరి గంతేసి, నిజం పిడికిళ్లే అచ్చువేద్దామన్నాను. మార్కెట్ యార్డు హమాలీల దగ్గరికి పోయి, వాళ్ల పిడికిళ్లకు పక్కవాటున రంగు పూసి, కాగితాల నిండా ముద్రలు కొట్టించాను. పొద్దున్నే చౌరస్తాలో అంటించాం.

ఇంకో గంటకు ఒక ముసలవ్వ ఆ పోస్టర్ ముందు చెప్పులు విడిచి దండం పెడుతోంది. "కిష్ణుని పాదాలు ఎంత ముద్దుగున్నయే బిడ్డా!" అంది నాతో. అప్పుడు చూశాను. కృష్ణాష్టమికి పిండిలో పిడికిలి ముంచి, గడప ముందు చిన్నిపాదాలు వేస్తాం కదా, అచ్చం అవే. జై తెలంగాణ అని రాసి, దాని కింద నలభై బాలకృష్ణుల పాదాలు! ముద్ర వేసిన హమాలీ ఒకాయన, "నా పిడికిలిని పట్టుకొని పాదమంటరేంది?" అని నా మీదికొచ్చాడు. అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక మాత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "అచ్చు నీ మనసుల ఉన్నది చెప్పదు పిల్లా. కాగితం మీద పడ్డదే చెప్తది. పడ్డదాన్ని చూసుడు నేర్చుకో."

కరెంటు కోతలకు స్క్రీన్ తయారుచేసే లైటు వెలిగేది కాదు. పనులాగిపోయేవి. "కరెంటు పోతే సూర్యుడు పోయిండా?" అని అక్క పసుపు పని మొదలుపెట్టింది. పసుపును స్పిరిట్‌లో కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. దాని మీద ఏదైనా వస్తువు పెట్టి ఎండలో ఉంచాలి. ఎండ తగిలినచోట పసుపు వెలిసి తెల్లబడుతుంది, వస్తువు కింద మిగులుతుంది. ఆ తర్వాత సున్నపుతేటలో ముంచితే మిగిలిన పసుపు ఎర్రబడుతుంది, దిష్టితీసే నీళ్లు ఎర్రబడినట్టే. అంతే. బడిలో చెప్పని ఫోటో అది. "గిది ఖాయం కాదు. ఎండ ఇచ్చింది, ఎండనే తీస్కపోతది. నల్లకవర్ల పెట్టి నీడకు దాచుకో" అనేది.

దుకాణం పక్క మెట్లెక్కితే డాబా. ఆ డాబా మీద ఎప్పుడూ ఏదో ఒక పసుపు కాగితం ఎండలో ఉండేది. గాలికి ఎగరకుండా చేతికేది దొరికితే అది బరువు పెట్టేది. ఎక్కువసార్లు దొరికేది ఆమె తాళాల గుత్తే. సాయంత్రమయ్యేసరికి, "నా తాళాలేడ? ఓ పిల్లా, తాళాలు చూసినవా?" అని దుకాణమంతా తిరగేసేది. "డాబా మీద, కాగితం మీద" అని నేను చూడకుండానే చెప్పేదాన్ని. వారానికి నాలుగుసార్లు ఇదే తంతు.

రెండో ఇంటర్వ్యూ బందుల వల్ల వాయిదా పడుతూ పడుతూ చివరికి ఖాయమైంది. నేను పది పసుపు బొమ్మలు చేశాను. వేపాకు, మోదుగాకు, నెమలీక, ఉసిరికొమ్మ. చూడముచ్చటగా వచ్చాయి. సున్నపుతేటలో ముంచినవి ఇంకా తడిగానే ఉన్నాయి. మరునాటి నుంచి బస్సులు ఉండవన్నారు. పదింటినీ నల్లకవర్లో చుట్టుకుని తండాకు పోయాను. పెట్టె మీద పెట్టి, పొద్దున దరఖాస్తు మీద సంతకం కోసం నర్సింహులపేటకు నడిచి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాను.

మా కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి పక్కన వరసగా నా పది కాగితాలూ ఎండుతున్నాయి.

మా యాడి చేసింది ఆ పని. యాడి అంటే మా భాషలో అమ్మ. "తడిగున్నయి బిడ్డా. బూజు పడ్తయని ఎండేసిన" అంది, మంచిపని చేశానన్న మొహంతో. గాలికి పోకుండా ఒక్కోదాని మీద ఒక్కోటి బరువు పెట్టింది. కొడవలి, గరిటె, పప్పుగుత్తి, చేతికున్న గాజులు తీసి ఒక కాగితం మీద, గుప్పెడు మిరపకాయలు ఇంకోదాని మీద. పొద్దుటి నుంచీ ఎండ మామూలు ఎండా! ఆకులు పోయాయి, ఈక పోయింది. నేను యాడి మీద అరిచిన అరుపులు ఇప్పుడు రాయలేను. "నా ఏడాదంత ఎండేసినవ్" అన్నది మాత్రం గుర్తుంది. ఆమె వంగి కాగితం మీది గాజులు తీసుకుని ఒక్కొక్కటే చేతికెక్కించుకుంది.

రెండురోజుల తర్వాత దొరికిన జీపెక్కి జనగామ పోయి, ఆ కాగితాలు అక్క ముందు పడేశాను. నా బతుకు మిరపకోతేనని చెప్పాను. ఆమె వినడం లేదు. ఒక కాగితాన్ని కిటికీకి దూరంగా తీసుకుపోయి చూస్తోంది. తెల్లబడిన కాగితం మీద, కొడవలి కప్పినంత మేర నా వేపాకుల ఎరుపు మిగిలి, కొడవలి ఆకారం తేలింది. ఆ కొడవలి లోపల మాత్రం నా వేపాకు ఈనెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఎవరు పెట్టిండ్రు గివి?"

"మా యాడి. ఆమెకేం ఎరుక అక్కా."

"ఆమెకే ఎరుక. నువ్వు ఆకు ఎందుకు పెట్టినవ్?"

"మంచిగుంటదని."

"ఆమె మంచిగుంటదని పెట్టలే. గాలొస్తదని పెట్టింది. చేతికి అందినవి పెట్టింది. మీ ఇంట్ల చేతికి ఏమందుతయో గవి నీయి. నెమలీక నీదేంది? మీ తండాల నెమళ్లున్నయా?"

అయితే ఈ పదీ తీసుకుపోతానన్నాను. ఆమె కస్సుమంది. "గివి మీ యాడివి. పట్కపోతే మల్ల జిరాక్సే. ముందు పోయి ఆమెకు తప్పయిందని చెప్పు. మల్ల చేద్దాం. ఊరంత మాది మాకియ్యమని అడుగుతున్నది గదా, నీదేందో నువ్వు చూపెట్టకుంట ఏమడుగుతవ్?"

యాడికి తప్పయిందని చెప్పుకున్నాను. ఆ ఆదివారం అక్క పాత మోపెడ్ మీద తండాకు వచ్చింది. మిరప ఘాటుకు దగ్గీ దగ్గీ కళ్లు ఎర్రబడ్డాయి. అప్పటికే ఊపిరి సరిగా ఆడేది కాదనుకుంటాను, మేం పట్టించుకోలేదు. యాడి పక్కన చాప మీద కూర్చుని, "చెల్లే, ఆ పొద్దు ఏం మనసుల పెట్టుకొని పెట్టినవో జర చెప్పు" అంది. యాడి నా వైపు తిరిగి మా భాషలో, "ఈమెకేమైనా తిక్కనా?" అని అడిగింది. నేను దాన్ని తెలుగులో చెప్పలేదు గానీ అక్కకు అర్థమైంది. "ఉన్నది చెల్లే, ఎప్పటిసందో" అంది. ఇద్దరూ నవ్వారు. యాడి ఇచ్చిన రొట్టెలో సగం తిని, సగం కొంగున కట్టుకుంది, జిరాక్స్ తీస్తానని.

ఆ పగలంతా కళ్లంలో కాగితాలు పరిచాను. దారిన పోయేవాళ్లను ఆపి, చేతిలో ఉన్నది ఒక పూట ఇమ్మని అడిగాను. ఒక ముసలామె కాలి కడియం ఇచ్చింది. బాపు వచ్చి తన బీడీకట్ట ఒక కాగితం మీద పెట్టి పోయాడు. మధ్యాహ్నం నాకే ఎందుకో తోచి, కొడవలిని కొంచెం పక్కకు జరిపాను. ఒకే కొడవలి ముదురుగా ఒకసారీ, లేతగా ఒకసారీ, కోస్తున్నట్టే పడింది. అక్క చూసింది, తిట్టలేదు. ఆమె తిట్టలేదంటే బాగున్నట్టే.

చివరికి పదో కాగితం మిగిలింది. అక్క నడుముకున్న తాళాల గుత్తి తీసి దాని మీద పెట్టబోయింది.

"వద్దక్కా. గుత్తి మీది" అన్నాను.

ఆమె చెయ్యి గాలిలో ఆగింది. తప్పుగా మాట్లాడానేమో అనుకున్నాను. నా మెడలో నల్లదారానికి హాస్టల్ ట్రంకుపెట్టె తాళంచెవి ఉంది. హాస్టల్ పిల్లలందరి మెడలోనూ ఉంటుంది. అది తీసి కాగితం మధ్యలో పెట్టాను. అక్క తన గుత్తిని మళ్లీ నడుముకు దోపుకుంది. "గిప్పుడు నేర్చినవ్" అంది.

ఇంటర్వ్యూ గదిలో పెద్ద పెద్ద కిటికీలు. నల్లకవర్ తెరవకుండా, "కిటికీలు జర మూస్తరా సార్, ఎండ తగిలితే నా బొమ్మలు పోతయి" అన్నాను. జర అన్నందుకో, పోతయి అన్నందుకో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ముందటేడు అయితే చచ్చిపోయేదాన్ని. ఈసారి నిలబడే ఉన్నాను, కిటికీలు మూసేదాకా కవర్ తెరవలేదు. ఒక్కో బొమ్మా తీసి, ఎవరి వస్తువో చెప్పి, లోపల పెట్టేశాను. పోయినసారి ప్రశ్న అడిగిన పెద్దాయనే కొడవలి బొమ్మ దగ్గర ఆగి, "ఇవి మాసిపోతే ఏం చేస్తావమ్మా?" అన్నాడు.

"మల్ల చేస్త సార్."

సీటు వచ్చింది. అక్కకు చెబితే, "రాక ఏడికి పోతది? ముందుగాల ఆ రోలర్ కడుగు" అంది. కానీ ఆ సాయంత్రం చాయ్ హోటల్ అన్న బల్లల మీదున్న వాళ్లందరికీ తనే చాయ్ చెప్పిందని తర్వాత తెలిసింది.

రాష్ట్రం వచ్చిన రోజు నేను జనగామలోనే ఉన్నాను. స్టేషన్ రోడ్డంతా గులాల్, డప్పులు. అక్కను కిందికి లాక్కుపోదామని డాబా ఎక్కితే, ఆమె పసుపు కాగితం ముందు గొంతుకూర్చుని ఉంది. రోడ్డు మీద చల్లుతున్న గులాల్ ఎగిరి కాగితం మీద చుక్కలుగా పడుతోంది. "తుడువకు. పడనియ్. ఊరే చేస్తున్నది ఇయ్యాల బొమ్మ" అంది. ఆమె కళ్లు తడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఆ తర్వాత పట్నంలో కొన్నేళ్లు పుస్తకాల అట్టలకు బొమ్మలు చేశాను. ఇప్పుడు భూపాలపల్లిలో ఆడపిల్లల గురుకులంలో డ్రాయింగ్ టీచర్‌ని. పసుపు పని గురించి ఫోన్‌లో వాదించుకుంటూనే ఉన్నాం. చివరిసారి మాట్లాడినప్పుడు కూడా, "మీ పిల్లలతోని ఆకులు పెట్టిస్తున్నవా ఏంది? పెట్టించినవో, నేనే వస్త ఆడికి" అని బెదిరించింది.

సెలవు దొరికి గురువారం నేను జనగామ చేరేసరికి అంతా అయిపోయింది. దుకాణం ముందు ఆమె తమ్ముడూ ఇంకో ఇద్దరూ నిలబడి ఉన్నారు. సోమవారం ఆమె కూలబడ్డప్పుడు హోటల్ అన్న షట్టర్ లాగి, నొక్కుడు తాళం వేసి దవాఖానకు పరుగెత్తాడట. ఇప్పుడు తాళాలు దొరకడం లేదు. "ఇంట్ల లేవు, దవాఖాన సంచిల లేవు. ఇగ పగలగొట్టుడే" అంటున్నాడు తమ్ముడు. చేతిలో సుత్తె కూడా ఉంది.

"డాబా మీద, కాగితం మీద" అన్నాను, చూడకుండానే.

మెట్లు నేనే ఎక్కాను. నాలుగు రోజుల ఎండలో పడి ఉంది కాగితం. పసుపన్నదే లేకుండా తెల్లగా వెలిసిపోయింది. మధ్యలో గుత్తి. వంగి దాన్ని ఎత్తాను. కింద ఇత్తడి రింగు, దానికి అటొకటి ఇటొకటి విచ్చుకున్న తాళంచెవులు, ఇందాకే పసుపు పూసినట్టు ఉన్నాయి. ఆమె ఆ మెట్లు దిగేముందు పెట్టినవి పెట్టినట్టే. అక్కడే కూలబడి ఏడ్చాను, ముక్కు తుడుచుకోలేదు. అప్పుడు కాగితానికి ఎండ తగులుతోందని గుర్తొచ్చి, కొంగుతో కప్పేశాను. గుత్తిని తమ్ముడి చేతికిచ్చాను. కాగితం నాకిమ్మంటే, "ఏమున్నదమ్మా అండ్ల, తీస్కపో" అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం బడిలో కిటికీలు మూయించి, పిల్లలను టబ్బు చుట్టూ నిలబెట్టాను. కాగితాన్ని సున్నపుతేటలోకి దించాను. రింగు ముందు ఎర్రబడింది, తర్వాత ఒక్కో తాళంచెవీ. పిల్లలు టబ్బు మీదికి వంగారు. అది ఎవరిదో చెప్పాను.

"గిది మాసిపోతదా టీచర్?" అడిగింది రేగొండ నుంచి వచ్చిన పిల్ల.

"మాసిపోతది."

"మల్ల చేస్తరా?"

మళ్లీ చేస్తానని ఎన్నిసార్లు అని ఉంటాను! ఈసారి ఎట్లా అనను? ఈ గుత్తి నా దగ్గర లేదు, పెట్టే చెయ్యీ లేదు. ఆ పిల్ల టబ్బులోని తాళంచెవులను చూసి, మెడలోంచి నల్లదారం పైకి లాగింది. చివర ట్రంకుపెట్టె తాళంచెవి ఊగుతోంది.

"నాది పెట్టాల్నా?" అంది.

తలుపు తీశాను. బడి ముందు ఎండలో పసుపు కాగితాలు వరసగా పరిచాం. ఒక్కో పిల్లా మెడ వంచి, దారం తీసి, తన తాళంచెవి తను పెట్టుకుంది.